పొయ్యి ఎవరిది?

పోయిన ఏడాది ఒక రాత్రి మా పాత విద్యార్థి అమెరికా నుంచి ఫోన్ చేశాడు. మా ఆశ్రమ పాఠశాలలో అయిదు నుంచి పది దాకా చదివి, ప్రభుత్వ సాయంతో పై చదువుకు వెళ్ళిన కుర్రాడు. తానుండే పేటలో ఒక చిన్న హోటల్ ఉందని, వారానికోసారి అక్కడ తింటానని చెప్పాడు. బోర్డు మీద గ్రీకు, ఇటలీ వంటలు అని రాసి ఉంటుందట. పది పన్నెండు బల్లలు, గోడ మీద సముద్రం ఒడ్డున తెల్లటి ఇళ్ళున్న ఒక ఊరి ఫొటో. గల్లా దగ్గర యజమాని, వంటగది గుమ్మంలో ముసలి తల్లి. ముస్తాబై వచ్చేవాళ్ళెవరూ ఉండరట. పని దిగి వచ్చిన డ్రైవర్లు, పిల్లల్ని వెంటేసుకొచ్చిన తల్లులు, ఇతని లాంటి విద్యార్థులు వస్తారు. ఒకే బల్ల మీద ఒకరు ఇటలీ వాళ్ళ స్పగెట్టి తింటుంటే, పక్కన ఇంకొకరు గ్రీకుల యీరో తింటారు. నిలువు చువ్వ మీద కాల్చిన మాంసాన్ని పలచగా చెక్కి రొట్టెలో చుట్టి ఇస్తే అదే యీరో.

ఒకరోజు ఇతను డబ్బు మరిచిపోయి వెళ్ళాడు. తిన్నాక జేబు తడుముకుంటుంటే యజమాని నవ్వి, రేపిద్దువులే అన్నాడు. తర్వాత పక్కన కూర్చుని తన తాత కథ చెప్పాడు. తాత చిన్నతనంలో గ్రీసు నుంచి వచ్చి గిన్నెలు తోమాడు. వెల్లుల్లి వాసన వస్తోందని పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. కథంతా చెప్పి, "మరి మీ ఊళ్ళో ఏం తింటారు?" అని అడిగాడు.

"నేను బిర్యానీ అని చెప్పేశాను మాస్టారూ" అన్నాడు మా కుర్రాడు. "మా ఇంట్లో అమ్మ బిర్యానీ ఎప్పుడైనా వండిందా? చోడి అంబలి అని ఎందుకు నోటికి రాలేదు? రాత్రి నిద్ర పట్టలేదు."

మాకూ పట్టలేదు. ఆ అబద్ధంలో మా వాటా ఎంత అన్న ప్రశ్న అప్పుడే మొదలైంది.

ముందు ఆ హోటల్ సంగతి చూద్దాం. ఈరోజు అమెరికాలో పిజ్జా దొరకని పేట లేదు. వందేళ్ళ కిందట మాట వేరు. 1880 నుంచి 1920 దాకా సుమారు 40 లక్షల మంది ఇటలీ వాళ్ళు ఆ దేశం చేరారు. ఎక్కువ మంది సిసిలీ, కలబ్రియా, నేపుల్స్ ప్రాంతాల పేద రైతులు, కూలీలు. గ్రీకులు కూడా లక్షల్లో వచ్చారు. రైలు పట్టాలు వేశారు, గనుల్లో, మిల్లుల్లో పనిచేశారు. వాళ్ళను అక్కడివాళ్ళు తమతో సమానంగా చూడలేదు. 1891లో న్యూ ఆర్లియన్స్‌లో మూక ఒకటి జైలు మీద పడి 11 మంది ఇటలీ వాళ్ళను చంపింది. 1909లో సౌత్ ఒమాహాలో గ్రీకుల ఇళ్ళను, దుకాణాలను ధ్వంసం చేసి వాళ్ళను ఊరి నుంచి తరిమేశారు. 1924లో వచ్చిన చట్టం గ్రీసు నుంచి ఏడాదికి 100 మందికి మించి వలస రాకుండా కట్టడి చేసింది.

తిండి విషయంలోనూ అంతే. ఆ రోజుల్లో సేవా సంస్థల వాళ్ళు, ఆహార నిపుణులు, ఉపాధ్యాయులు వలస కుటుంబాల దగ్గరకు వెళ్ళి వెల్లుల్లి తగ్గించండి, మసాలాలు మానండి, అమెరికన్ల లాగా వండుకోండి అని తల్లులకు చెప్పేవారు. వాళ్ళలో చాలామంది మంచి మనసుతోనే చెప్పారు. పిల్లలు బాగుపడాలనే చెప్పారు.

ఈ సంగతి చదివినప్పుడు మాకు మా తరగతి గది గుర్తొచ్చింది. శిక్షణ పూర్తి చేసి ఉద్యోగంలో చేరిన కొత్తలో మేమూ అదే చేశాం. సొరకాయ బుర్రలో అంబలి తెచ్చుకున్న పిల్లవాణ్ణి చూసి, "ఇంకా ఈ బుర్ర ఏమిట్రా, స్టీలు బాక్సు కొనుక్కో" అన్నాం. ఆరోగ్య పాఠం చెబుతూ పాలు, గుడ్డు, యాపిల్ పండు బొమ్మలు గీశాం కానీ, వెదురు కొమ్ముల కూర, అడవి దుంపలు, సామ అన్నం బోర్డు మీద ఎన్నడూ రాయలేదు. సొంత ఇంట్లో తినేదాన్ని బడిలో చెప్పకుండా దాచాం. మేం ఆదివాసీలమే. అయినా మా నోట వచ్చింది మాకు చదువు చెప్పినవాళ్ళ గొంతు. అమెరికాలో మా కుర్రాడు చెప్పిన అబద్ధాన్ని అతనికి మేమే నేర్పాం. మాటల్లో నేర్పలేదు, మా మౌనంతో నేర్పాం.

ఇక్కడ ఒక మాట అడగవచ్చు. ఇప్పుడు గ్రీకు, ఇటలీ తిండికి గౌరవం వచ్చింది కదా, మన తిండికీ కాలం వస్తుంది కదా అని. నిజమే, కొంత వచ్చింది. గ్రీసులో, ఇటలీలో పల్లె జనం తిన్న ఆకుకూరలు, పప్పులు, ఆలివ్ నూనెతో కూడిన భోజన పద్ధతిని 2010లో యునెస్కో మానవ వారసత్వంగా గుర్తించింది. గ్రీకు పల్లెల్లో ఆడవాళ్ళు కొండల్లో ఏరుకొచ్చి ఉడకబెట్టుకునే అడవి ఆకులు ఇప్పుడు హోటల్ పట్టికల్లో ఉన్నాయి. మన దగ్గరా అంతే. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్య సమితి ప్రకటించాక, పట్నంలో చోడి, సామ, కొర్ర ధర పెరిగింది. ఒకప్పుడు మనల్ని చూసి నవ్విన నోళ్ళే ఇప్పుడు అంబలి తాగుతున్నాయి.

కానీ తిండికి గౌరవం రావడం, తిండి పండించి వండిన మనిషికి గౌరవం రావడం ఒకటి కాదు. దీనికి మొక్కజొన్న కథే సాక్ష్యం. మొక్కజొన్న, టమాటా, మిరప అమెరికా ఖండాల ఆదివాసులు వేల ఏళ్ళు సాగు చేసి లోకానికి ఇచ్చినవి. టమాటా అన్న పేరు కూడా మెక్సికో ఆదివాసుల నహువాతల్ భాష నుంచి వచ్చిందే. టమాటా లేని పిజ్జాను, మిరప లేని మన కూరను ఇప్పుడు ఊహించలేం. మెక్సికో ఆదివాసులు మొక్కజొన్నను సున్నం నీళ్ళలో గానీ బూడిద నీళ్ళలో గానీ ఉడకబెట్టి వాడేవారు. అలా చేస్తేనే అందులోని నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. ఐరోపా వాళ్ళు గింజను తీసుకుపోయారు, వండే తెలివిని తీసుకుపోలేదు. ఉత్తర ఇటలీ పేదలు మొక్కజొన్న జావ ఒక్కటే తిని బతకాల్సి వచ్చినప్పుడు పెలగ్రా అనే జబ్బు వచ్చింది. చర్మం పగిలి, విరేచనాలు పట్టి, మతి చెడి ఎంతోమంది చనిపోయారు. గింజ ఇచ్చిన మనుషుల్ని అనాగరికులని తోసేసి గింజను మాత్రం తీసుకుంటే ఏమవుతుందో ఆ రోగం చెబుతోంది.

మా కుర్రాణ్ణి అడిగాం: "మీ పేటలో గ్రీకు హోటల్ ఉంది, చైనా హోటల్ ఉంది. ఆ నేల ఆదివాసులది ఉందా?" వెతికి చూసి, ఒక్కటీ లేదన్నాడు. వాళ్ళ టమాటా ప్రతి బల్ల మీదా ఉంది. వాళ్ళు మాత్రం ఏ బల్ల దగ్గరా లేరు.

మన అరకు, బొర్రా దారుల్లో చూడండి. సెలవుల్లో వచ్చే సందర్శకులు బొంగు చికెన్ కోసం బారులు తీరతారు. వెదురు మన కొండది, వండే పద్ధతి మన తాతలది. రోడ్డు పక్కన పొగలో కూర్చుని బొంగు తిప్పే తమ్ముడూ మనవాడే చాలా చోట్ల. కానీ అదే వంటను పెద్ద హోటళ్ళు పట్టికలో రాసుకుని అమ్మితే ఆ లాభంలో మన వాటా ఎంత? షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదని 1/70 చట్టం చెబుతోంది. నేలకు చట్టం ఉంది. వంటకు లేదు.

దీనికి మన పెద్దలు ఒక జవాబు చెబుతారు: అసలు అన్నం అమ్ముకోకూడదు, ఇంటికొచ్చిన వాడికి పెట్టాలి. ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. చుట్టం వస్తే ముందు నీళ్ళిచ్చి, కడుపు నిండాకే ఏ ఊరు, ఏ పని అని అడగడం మన మర్యాద. విచిత్రం ఏమిటంటే పాత గ్రీకుల మర్యాదా అదే. వాళ్ళ భాషలో 'జెనోస్' అనే ఒక్క మాటకే పరాయివాడు అనీ, అతిథి అనీ రెండు అర్థాలు. హోమర్ కావ్యం ఒడిస్సీలో, బిచ్చగాడి వేషంలో వచ్చిన ఒడిస్యూస్‌కు పందుల కాపరి ఒకడు ముందు తిండి పెడతాడు, ఆ తర్వాతే నువ్వెవరని అడుగుతాడు. వచ్చినవాడు తన రాజేనని అతనికి తెలియదు. పేదవాడి గుడిసెలోనే ఆ ధర్మం నిలబడింది.

అయితే మనం అన్నం అమ్మకపోవడం వల్ల అన్నం అమ్మకం ఆగిందా? సంతలో చింతపండు అమ్మాం, అడ్డాకులు అమ్మాం, నాటుకోడి అమ్మాం, వెదురు అమ్మాం. అన్నీ పచ్చి సరుకుగా, అడిగిన ధరకు అమ్మాం. వాటిని వండి పది రెట్లకు అమ్మినవాడు వేరేవాడు. కాబట్టి అమ్మాలా వద్దా అన్నది అసలు ప్రశ్న కాదని మేం అనుకుంటున్నాం. పొయ్యి ఎవరిది, దాని మీద పేరు ఎవరిది, ఏది అమ్మకూడదో తేల్చే హక్కు ఎవరిది, ఇవీ ప్రశ్నలు.

ఆ గ్రీకు యజమాని స్పగెట్టి అమ్ముతాడు. అమెరికన్లకు అప్పటికే తెలిసిన ఇటలీ వంటను ఆసరా చేసుకుని, పక్కన తన ఊరి వంట పెట్టాడు. బతకడానికి అలా సర్దుకోవడంలో మాకు తప్పేమీ కనిపించదు. కానీ బోర్డు మీద గ్రీకు అన్న మాటను చెరపలేదు, గోడ మీద ఊరి ఫొటో దించలేదు. డబ్బు మరిచిన కుర్రాడితో బేరం మాటలాడలేదు. అమ్మకం మధ్యలో కూడా చుట్టరికానికి చోటు ఉంచుకున్నాడు. పొయ్యి తనది కాబట్టే రేపిద్దువులే అనగలిగాడు. జీతానికి వండేవాడికి ఆ మాట అనే హక్కు ఉండదు.

ఆ దేశపు ఆదివాసులలో కూడా ఒకరు ఈ దారి పట్టారు. లకోటా తెగకు చెందిన షాన్ షెర్మన్ అనే వంటవాడు 2021లో మినియాపొలిస్ నగరంలో, మిసిసిపీ నది ఒడ్డున ఒవామ్ని అనే హోటల్ తెరిచాడు. తెల్లవాళ్ళు రాకముందు ఆ నేల మీద లేని గోధుమ పిండి, పాలు, చెరకు పంచదార, కోడిమాంసం అక్కడ వాడరు. 2022లో ఆ దేశపు పేరున్న జేమ్స్ బియర్డ్ పురస్కారం, కొత్త హోటళ్ళలో ఉత్తమమైనదిగా, దానికి దక్కింది. పొయ్యి వాళ్ళది, పేరు వాళ్ళది, ఏది వండాలో ఏది వండకూడదో నిర్ణయం కూడా వాళ్ళదే.

మనకూ అమ్మకూడనివి ఉన్నాయి. సామ కొత్త, కొర్ర కొత్త జరిపి దేవతకు పెట్టనిదే కొత్త పంట మనం నోట పెట్టుకోం. ఆ మొదటి ముద్దకు ధర కట్టకూడదు. సందర్శకుల కోసం ఆ పండగను ముందుకు జరపకూడదు. ఆకలితో వచ్చినవాడి దగ్గర డబ్బుందా అని ముందు అడగకూడదు. ఈ హద్దులు మనమే గీసుకుని, మిగిలింది మన పేరుతో మనం అమ్ముకుంటే పెద్దల మాట తప్పినట్టు కాదు.

కానీ హోటల్ పెట్టేముందు ఒక పని ఉంది. అది ఉపాధ్యాయులది, చదువుకున్న యువకులది. మా కుర్రాడు మళ్ళీ ఆ హోటల్‌కు వెళ్ళి, నేను అబద్ధం చెప్పాను, మేం తాగేది అంబలి అని చెప్పాడట. యజమాని ఆసక్తిగా, ఎలా చేస్తారని అడిగాడు. వీడికి తెలియదు! పదేళ్ళు హాస్టల్లో పెరిగినవాడికి ఎలా తెలుస్తుంది? మళ్ళీ మాకే ఫోన్. మేం వాళ్ళ ఊరెళ్ళి తల్లిని అడిగాం. రాత్రి చోడి పిండి నీళ్ళలో కలిపి పులవనివ్వాలని, పొద్దున్న నూక ఉడికేటప్పుడు ఆ పిండి నీళ్ళు పోసి అడుగంటకుండా తిప్పాలని చెప్పింది. చెప్పి, "ఆ తెల్లాయన మన కుర్రాడికి డబ్బుల్లేకుండా అన్నం పెట్టాడట కదా, ఇటు వస్తే మనింటికి తీసుకురండి" అంది.

ఆ రోజు నుంచి మా బడిలో శనివారం ఒక పీరియడ్ మార్చాం. పిల్లలు ఇంట్లో వండే ఒక వంట పేరు తమ భాషలో చెప్పాలి, దినుసు ఏ కొండ నుంచి వచ్చిందో, ఎవరు వండారో, ఎలా వండారో రాయాలి. తెలియకపోతే సెలవుల్లో అమ్మమ్మను అడిగి రావాలి. మొదటి వారం ముగ్గురే రాశారు, అదీ తలలు దించుకుని. ఇప్పుడు నోటుబుక్కు సగం నిండింది. మొదటి పేజీలో చోడి అంబలి ఉంది. దాని కింద ఆ కుర్రాడి తల్లి పేరు రాశాం.