అప్పుల పుస్తకం ఉంది, అనుగ్రహాల పుస్తకమేదీ?

ఏ కిరాణా కొట్టుకైనా వెళ్లి చూడండి. గల్లాపెట్టె పక్కన ఒక ఖాతా పుస్తకం ఉంటుంది. ఎవరు ఎంత అరువు తీసుకున్నారో, ఇంకా ఎంత బాకీ ఉన్నారో తారీఖుతో సహా అందులో కనిపిస్తుంది. మనిషి మరచిపోతాడని కొట్టు యజమానికి తెలుసు. దివ్యఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్ కూడా ఈ విషయానికి సంబంధించినదే. అల్ బఖరా సూరా 282వ ఆయత్‌లో అల్లాహ్ అప్పు చిన్నదైనా పెద్దదైనా విసుక్కోకుండా రాసిపెట్టుకోమని విశ్వాసులను ఆదేశించాడు.

సోదరులారా! పది రూపాయల బాకీ రాసుకునే మనం, తెల్లవారినది మొదలు అందుకుంటున్న దైవానుగ్రహాలలో ఒక్కదాన్నైనా ఎక్కడైనా రాసుకున్నామా?

అల్లాహ్ అనుగ్రహాలను లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదని ఖుర్ఆనే (14:34, 16:18) చెబుతోంది కదా, మరి రాయడమెందుకు అని మీరు అడగవచ్చు. నిజమే. అయితే చెరువంతా మోసుకురాలేమని బిందెడు నీళ్లు తెచ్చుకోవడం మానుకుంటామా? ఆదియాత్ సూరాలో మానవుడు తన ప్రభువు పట్ల కృతఘ్నుడని ఉంది. ఆ పదాన్ని వివరిస్తూ హజ్రత్ హసన్ బస్రీ (రహ్మ), కష్టాలను లెక్కపెట్టుకుంటూ అనుగ్రహాలను మరచిపోయేవాడని అర్థం చెప్పారు. చూడండి, మన జ్ఞాపకం ఎంత పక్షపాతంతో పనిచేస్తుందో! ఎవరో అన్న ఒక్క మాట ఇరవై ఏళ్లు గుర్తుంటుంది. నిన్న మధ్యాహ్నం ఎవరు మంచినీళ్లిచ్చారో గుర్తుండదు.

అమెరికాలో రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెకలో అనే మనస్తత్వవేత్తలు 2003లో ఒక పరిశోధన ప్రచురించారు. పది వారాలపాటు కొందరి చేత తమకు కలిగిన మేళ్లను, మరికొందరి చేత తమకు ఎదురైన చికాకులను రాయించారు. మేళ్లు రాసినవారు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తి కనబరిచారు. మంచి మాట ఎక్కడి నుంచి వచ్చినా స్వీకరిద్దాం.

ఒక్క విషయం స్పష్టం చేయాలి. ఇలా రాయడం షరీఅత్ విధించిన ఆరాధన కాదు. రాయకపోతే పాపమూ లేదు, రాసినంత మాత్రాన షుక్ర్ బాధ్యత తీరిపోదు. షుక్ర్ హృదయంలో ఉండాలి, నాలుకపై పలకాలి, చేతలలో కనిపించాలి. దావూద్ (అలై) కుటుంబీకులకు అల్లాహ్ ఇచ్చిన ఆదేశం కూడా కృతజ్ఞతతో పనిచేయమనే (34:13). పుస్తకం జ్ఞాపకానికి చేతికర్ర మాత్రమే. నలుగురికీ చూపించి మెప్పు పొందాలనుకుంటే ఆ కర్ర కూడా విరిగిపోతుంది.

2024 రంజాన్ మొదటి రోజున నేను 200 పేజీల నోట్ పుస్తకం కొన్నాను. రోజుకు అర పేజీ చొప్పున రాస్తే చాంద్రమాన సంవత్సరం గడిచి మళ్లీ రంజాన్ వచ్చేదాకా సరిపోతుంది. మొదటి పది రోజులు హుషారుగా సాగింది. ఆ తరువాత ‘ఆరోగ్యం, అన్నం, పిల్లలు’ అని బడిలో హాజరు వేసినట్టు అవే మాటలు రాయసాగాను. సిగ్గనిపించింది. అందుకే ఒక నియమం పెట్టుకున్నాను: అంతకు ముందు రాయనిదే రాయాలి, అది ఎవరి చేతి మీదుగా నాకు అందిందో కూడా రాయాలి. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కూ కృతజ్ఞుడు కాడని మహాప్రవక్త (సఅసం) బోధించారు కదా!

దాంతో పుస్తకం రూపమే మారిపోయింది. నేను పరుగెత్తుకు రావడం చూసి బస్సు ఆపించిన కండక్టరు వచ్చాడు. ఎండాకాలం ఆటోస్టాండులో కుండ పెట్టి రోజూ నింపుతున్న ముసలాయన వచ్చాడు. ఇంకా రాయడం రాని మా చిన్నమ్మాయి ఆ కుండ బొమ్మ గీసింది, దాని పక్కన పెరటి జామాకు అంటించింది. శుక్రవారం అసర్ తరువాత వారం పేజీలు ఇంట్లో అందరం చదువుకునేవాళ్లం.

నాలుగు నెలలు గడిచి ముహర్రం వచ్చింది. ఒక శుక్రవారం నా భార్య పేజీలు తిరగేస్తూ, “ఏమండీ, ఇందులో పాలబ్బాయి పేరు కూడా ఉంది, మీ తమ్ముడి పేరు ఒక్కసారి కూడా లేదేం?” అంది.

నేను మాట్లాడలేదు. 2022లో నాన్నగారి స్థలం పంపకాల దగ్గర మా ఇద్దరికీ చెడింది. పండుగనాడు సలాం మాత్రం చెప్పుకునేవాళ్లం. ముస్లిం తన సోదరుడితో మూడు రోజులకు మించి మాటలు మానరాదన్న హదీసు విన్నప్పుడల్లా, సలాం ఉంది కదా, అది నాకు వర్తించదని సరిపెట్టుకునేవాణ్ణి. అదే హదీసును ఇతరులకు ఎన్నిసార్లు వినిపించానో!

2021 మే నెలలో కోవిడ్‌తో నాకు ఊపిరి అందని రాత్రి, ఎక్కడా మంచం దొరకనప్పుడు, ఆక్సిజన్ సిలిండర్‌ను స్కూటర్‌కు తాళ్లతో కట్టుకుని తెచ్చింది ఈ తమ్ముడే. ఆ సంగతి మరచిపోలేదు. రాయడానికే మనసొప్పలేదు. ఆ రోజు అతని పేరు రాయడానికి చాలాసేపు పట్టింది.

ఇషా నమాజు తరువాత వాడి ఇంటికి వెళ్లాను. తలుపు తీసి క్షణం నిలబడిపోయాడు. “రండి భాయిజాన్” అన్నాడు. చాయ్ వచ్చింది. ఏం మాట్లాడాలో తెలియక, “ఆ రాత్రి సిలిండర్ ఎక్కడ దొరికిందిరా?” అని అడిగాను. మూడేళ్లలో ఒక్కసారైనా అడగని మాట అది.

“నాలుగు ఊళ్లు తిరిగాను” అన్నాడు తల వంచుకుని.

స్థలం మాట మేమెవరమూ ఎత్తలేదు. అది ఇంకా తేలవలసే ఉంది. ఇంటికి వచ్చి ఆ పేజీ తీసి, వాడి పేరు పక్కన ‘నాలుగు ఊళ్లు’ అని చేర్చాను.