సేవకు పుణ్యం అల్లాహ్ వద్ద, సేవకురాలి హక్కు మన మీద

కడప జిల్లా వేముల మండలంలోని ఏ పల్లెలోనైనా అర్ధరాత్రి గర్భిణికి నొప్పులు మొదలైతే, మనం ముందుగా తలుపు తట్టేది ఆశా కార్యకర్త ఇంటినే. ఆమె 108కు ఫోను చేసి, గర్భిణికి తోడుగా ఆసుపత్రికి బయలుదేరుతుంది. తెల్లవారితే టీకాల పని, ఇంటింటి సర్వే ఎదురుచూస్తుంటాయి. "నీకు పుణ్యముంటుందమ్మా" అని మనం దీవిస్తాం. మంచి మాటే. కాని దానితో మన బాధ్యత తీరిపోతుందా?

ఒక్క ప్రాణాన్ని నిలబెట్టడం ఎంత గొప్ప సత్కార్యమో దివ్య ఖుర్ఆన్ మనకు నేర్పింది. అయితే సత్కార్యం పేరుతో మనిషిని అరగదీయమని ఇస్లాం చెప్పలేదు. హజ్రత్ అబూ దర్దా (రజి) పగలు ఉపవాసాలతో, రాత్రులు నమాజులతో గడుపుతుంటే, హజ్రత్ సల్మాన్ (రజి) ఆయన్ని వారించారు. శరీరానికీ, ఇల్లాలికీ హక్కులున్నాయని గుర్తుచేశారు. దైవప్రవక్త (స) ఆ మాటను సమర్థించారు. ఆరాధనకే హద్దు ఉన్నప్పుడు ఉద్యోగానికి ఉండవద్దా?

పనిభారం ఎక్కువై, ఆ పనిపై తన నిర్ణయానికి చోటు లేనప్పుడు మనసు బాగా నలిగిపోతుందని అమెరికా పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ 1979లోనే చెప్పారు. కనుక నర్సు విసుక్కుంటే అది ఆమె స్వభావమని తీర్పు చెప్పే ముందు, ఆమె డ్యూటీ ఎలాంటిదో ఆలోచించాలి.

ఆశా పథకం 2005లో మొదలైంది. వారిని స్వచ్ఛంద సేవికలన్నారు, పనికి ఇంతని ప్రోత్సాహకం ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నెలకు 10 వేల రూపాయలు నిర్ణయించారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశాలను సత్కరించింది. వారికి 180 రోజుల వేతన ప్రసూతి సెలవును రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది మాత్రం 2025లో. ఊరి తల్లుల కాన్పులకు తోడున్న స్త్రీకి, తన కాన్పుకు సెలవు ప్రకటించడానికి 20 ఏళ్ళు పట్టింది! పుణ్యకార్యమన్న పొగడ్త హక్కును ఎలా మరుగుపరుస్తుందో గమనించండి.

శక్తికి మించిన పని అప్పగించవద్దనీ, అప్పగిస్తే తామూ చేయి వేయాలనీ దైవప్రవక్త (స) యజమానులకు బోధించారు. ఈ బోధ ప్రభుత్వాలకే కాదు, మనకూ వర్తిస్తుంది. పగలు అడగదగిన దానికి రాత్రి ఆమెను లేపకూడదు. ఆసుపత్రిలో ఆలస్యమైతే ఆ కోపం ఆమెపై చూపకూడదు. రాత్రివేళ వచ్చిన ఆమెను మన ఇంటివాళ్ళే తోడుండి క్షేమంగా ఇల్లు చేర్చాలి.

ఆమె పుణ్యాన్ని లెక్కగట్టేవాడు అల్లాహ్. ఆమె హక్కు గురించి ప్రశ్నించబడేది మనం. ఆ రోజుకు సిద్ధపడే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.