సంచిలోంచి తీసింది ఏమిటో ముందే అడుగు

అల్లుడూ, జలంత్రకోటలో కూర్చుని వార్‌క్రాఫ్ట్ 3లో నువ్వు కడుతున్న మన ఉద్దానం మ్యాపు చూశాను. కొబ్బరితోటలు, జీడితోటలు, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను కూల్చిన చెట్లు చూస్తుంటే కళ్ళు చెమర్చాయి. హీరో బొండాం తాగితే ప్రాణం పుంజుకోవాలన్న నీ ఆలోచన మరీ నచ్చింది. దానికి ట్రిగ్గరు రాసే ముందు ఈ మావయ్య మాట విను.

‘యూనిట్ వస్తువు వాడింది’ అన్న ఈవెంటుకి బొండామైనా కాగడా అయినా ఒకటే. కండిషన్‌లో ‘వాడింది బొండామేనా?’ అని నువ్వే అడగాలి. నా మొదటి మ్యాపులో నేను అడగలేదు. కాగడా వెలిగించినా హీరోకి ప్రాణం పెరిగేది. వారం రోజులు యాక్షన్లన్నీ తిరగేశాను. తప్పేమో ఖాళీగా వదిలేసిన కండిషన్‌లో ఉంది.

ఇంకో సంగతి. నొక్కి వాడే ఎబిలిటీ ఏదీ లేని వస్తువుని ఎంత నొక్కినా ఆ ఈవెంటు రాదు. అందుకని బొండానికి అలాంటిది ఒకటి తగిలించు. ఛార్జీలు అయిపోగానే మాయమయ్యేలా పెట్టావంటే, ఆఖరి ఛార్జీతో వస్తువే పోతుంది. రెండు సెకన్లు వెయిట్ పెట్టి, ఆ తర్వాత దాని రకం అడిగితే చెప్పడానికి అక్కడేం మిగలదు. వాడిందేమిటో, వాడిందెవరో వెయిట్‌కి ముందే రాసి పెట్టుకో. అదీ ఒకే గ్లోబల్ వేరియబుల్‌లో పెట్టకు. ఇద్దరు హీరోలు ఒకేసారి తాగితే రెండోవాడి పేరు మొదటివాడి పేరుని చెరిపేస్తుంది. వార్‌క్రాఫ్ట్ స్క్రిప్టు భాష జాస్‌లో లోకల్ వేరియబుల్ వాడితే ఎవరి లెక్క వారిదే.

పలాసలో చూశావుగా, 80 కిలోల జీడిపిక్కల బస్తా కాటా మీంచి దిగకముందే తూకం, రైతు పేరు పుస్తకంలోకి ఎక్కాలి. లారీ కదిలాక ‘ఈ బస్తా ఎవరిది?’ అంటే ఎవరు చెబుతారు? నీ ట్రిగ్గరూ అంతే.

ఇది ఆటే కదా అని తేలిగ్గా తీసుకోకు నాయనా. డోటా అంతటి ఆట మొదలైంది నువ్వు మ్యాపు కడుతున్న ఇదే ఎడిటర్లో, అభిమానులు కట్టుకున్న మ్యాపుగానే. పరీక్షించేటప్పుడు బొండాం ఒక్కటే తాగి చూసి సంబరపడకు. హీరో సంచిలో ఆరు గళ్ళుంటాయి. మిగతా ఐదింటిలోనూ తలో వస్తువు పెట్టి ఒక్కొక్కటే నొక్కు. ప్రాణం ఉన్నచోటే ఉంటే, అప్పుడు నీ బొండాం సరిగ్గా పనిచేస్తున్నట్టు.