పూచీ యెవరికి?

చేబ్రోలు కోనేటినడుమ నున్న చతుర్ముఖ బ్రహ్మాలయమును జూచినప్పుడెల్ల నాకొక తలపు గలుగును. దానిని గట్టించిన వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన పనికి తానే కర్త. నేడు సొమ్ము ప్రజలది, పని చేయించువా రుద్యోగులు, చేయువాడు గుత్తదారు. అందుచేతనే ధరావతులు, జామీనులు.

1872 నాటి ఒడంబడికల చట్టము ప్రకారము, వేరుగ వ్రాసికొననిచో, అసలువాని బాధ్యత యెంతయో జామీనుదారుని బాధ్యతయు నంతయే. 2022 ఏప్రిల్ 1 మొదలు బీమా కంపెనీలును ఈ జామీను నీయవచ్చునని నిబంధన లేర్పడినవి. బ్యాంకిలో సొమ్ము బిగియగట్టుకొనలేని చిన్న గుత్తదారునకు మేలే.

అయినను, పూచీ యెవరికి? అతడు పని విడిచిపోయిన ప్రభుత్వమునకు నష్టము తీరును. కంకర మోసిన స్త్రీకి రావలసిన వారపు కూలి మాట యేమి? అమెరికాలో 1935 నాటి మిల్లరు చట్టము రెండు జామీనులు గోరినది: పని పూర్తికొకటి, కూలీలకును సరకిచ్చినవారికిని జెల్లింపున కొకటి. మన 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టము, గుత్తదారు కూలి యెగవేసినచో పని చేయించుకొన్నవారే చెల్లింపవలెనని విధించెను. మంచిదే. కాని ప్రభుత్వమువద్ద జామీనుపత్రము భద్రముగ నుండును. ఆమె చేతిలో నే కాగితమును లేదు. టెండరు ప్రకటనలో ధరావతు మొత్తము వ్రాసెడి పంక్తి క్రిందనే, కూలి చెల్లింపు జామీనునకు మఱియొక పంక్తి చేర్చుట యెంత పని?