సారెలో పెట్టలేని సీసా

రామతీర్థంలో బోడికొండ కిందుగా ఒక రైతు ఇల్లు ఉండేది. భార్యాభర్తలు, పదో తరగతి చదివే కొడుకు, ఎనిమిదో తరగతి చదివే కూతురు, ఇంటికి పెద్దదిక్కుగా నాన్నమ్మ. ఊరందరికీ ఆమె అవ్వ. కూతురు పెద్దమనిషి అయిన ఏడాది, ధాన్యం డబ్బులు చేతికొచ్చాక, మాఘమాసంలో ముహూర్తం పెట్టించి ఓణీల ఫంక్షను తలపెట్టారు.

వాకిట్లో తాటాకు పందిరి వేసి, దాని కింద టెంటుహౌసువాళ్ల రంగుల గుడ్డ కట్టారు. రోడ్డు మలుపులో పిల్ల ఫొటోతో ఫ్లెక్సీ లేచింది. తెల్లవారకముందే ముత్తయిదువులు పిల్లకి నలుగు పెట్టి, పసుపునీళ్లు పోసి, చిమ్మిలి ముద్ద తినిపించారు. మేనమామ విశాఖపట్నంలో తాపీమేస్త్రి. ఒక్కగానొక్క మేనకోడలు కదా అని పట్టు పావడా, ఓణీ, గాజులు, పూలు, అరిసెలు, లడ్డూలు, పళ్లు, అంతా కలిపి పదకొండు పళ్లేల సారె తెచ్చాడు. సన్నాయి ముందు నడుస్తుంటే ఆడవాళ్లు ఒక్కొక్క పళ్లెమే మోసుకొచ్చి పీట ముందు పెట్టారు. ప్రతి పళ్లేన్నీ పిల్ల చేత్తో తాకించాకే పక్కకి తియ్యడం ఆ ఇంటి పద్ధతి.

మేనమామ ఇంకొకటి కూడా తెచ్చాడు. అది సన్నాయితో రాలేదు. ఆటోలోంచి దిగి, పెరటి దారిన పశువులశాల వెనక్కి వెళ్లింది. రెండు అట్టపెట్టెల మందు.

తండ్రికి పందిట్లో చుట్టాల్ని పలకరించడంతోనే సరిపోతోంది. శాల వెనక చూసుకోవడానికి ఎవరో ఒకరు కావాలి కాబట్టి కొడుకుని పెట్టారు. వాడు ప్లాస్టిక్ గ్లాసు పక్కన వేలు అడ్డంపెట్టి, కొలత చూసుకుని పోస్తున్నాడు. ఎవరికి సోడా కలపాలో, ఎవరికి నీళ్లు కలపాలో, ఎవరికి ఏమీ కలపకూడదో రెండో బంతి లేచేసరికి వాడికి కంఠతా వచ్చేసింది. చుట్టూ చిన్నపిల్లలు కింద పడ్డ మూతలు ఏరుకుంటున్నారు. మొన్నటిదాకా అవతలికెల్లు అని కసురుకున్న బాబాయిలు ఇవాళ వాణ్ని పేరు పెట్టి పిలుస్తున్నారు. ఒకాయన భుజం మీద చెయ్యి వేసి, "పెద్దోడివైపోనావురా! ఒక గుక్క ఏసుకో, ఏటీ కాదు" అని తన గ్లాసే చేతికిచ్చాడు.

సరిగ్గా అప్పుడే అవ్వ ఆవుకి కుడితి పోద్దామని శాల వెనక్కి వచ్చింది.

గ్లాసు వాడి పెదాల దగ్గరే ఆగిపోయింది. అవ్వ అరవలేదు, తిట్టలేదు. కుడితి కుండ కింద పెట్టింది.

"ఇది ఎవులు తెచ్చినారు?"

"మావయ్య తెచ్చినాడవ్వా."

"దేనికి?"

"చెల్లి ఫంక్షనుకి."

"చెల్లి ఫంక్షనుకి తెస్తే సారెలో ఉండాల. ఇక్కడెందుకుంది?"

వాడి దగ్గర జవాబు లేదు. అవ్వ లోపలికి వెళ్లి ఇత్తడి పళ్లెం తెచ్చింది. అందులో తమలపాకులు పరిచి, ఒక సీసా నిలబెట్టి, దానికి కుంకుమ బొట్టు పెట్టి, తిన్నగా మేనమామ దగ్గరికి నడిచింది.

"బాబూ, పదకొండు పళ్లేలు నా మనవరాలి చేత్తో ముట్టించినాం. పన్నెండోది మర్సిపోనావు. నీ చేత్తో నువ్వే అట్టుకెల్లి పిల్ల ముందర పెట్టు."

మేనమామ మొదట పరాచికం అనుకుని నవ్వాడు. అవ్వ మొహంలో నవ్వు లేదు. పళ్లెం అందుకుని పందిరి అంచుదాకా వెళ్లాడు. పీట మీద తను తెచ్చిన ఓణీలో మేనకోడలు కూర్చుని ఉంది. చుట్టూ ఆమె బడి స్నేహితురాళ్లు. మావయ్య ఇంకేదో తెస్తున్నాడని ఆ పిల్ల మొహం విప్పారింది. ఆయనకి అడుగు పడలేదు. పళ్లెం మీద కండువా కప్పి వెనక్కి వచ్చేశాడు.

"నా వల్ల కాదత్తా."

"నీ వల్ల కానిది, దాని అన్న చేత పోయించినారేటి బాబూ?"

ఈలోగా తండ్రి పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, చుట్టాల్లో పరువు తీసేస్తన్నావు. మందు లేకపోతే రేపు నలుగురూ ఏటనుకుంటారు?"

అవ్వ కొడుకు వైపు తిరిగింది. "కూతురు పెద్దదయిందని పందిరేసినావు, పీటేసినావు, ఊరందరి చేతా అచ్చింతలు ఏయించినావు. నీ కొడుక్కీ మూతి మీద నూగు వొచ్చింది. నువ్వు పెద్దోడివయినావని ఆడికి ఎవులైనా చెప్పినారేటి? ఆ గ్లాసు ఇచ్చినోడొక్కడే చెప్పినాడు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ పొద్దున్నే బావ తనకి పెట్టిన కొత్త పంచెల చాపు మేనమామ సంచిలో ఉంది. అది తీసి, మేనల్లుణ్ని పందిట్లోకి తీసుకెళ్లి, చెల్లెలి పక్కన నిలబెట్టి, అందరి ముందూ తనే పంచె కట్టాడు. కుచ్చిళ్లు కుదరక వాడు తడబడుతుంటే చెల్లెలు పకపకా నవ్వింది. ముత్తయిదువులు మిగిలిన అక్షింతలు వాడి మీద వేశారు. అవ్వ వాడి చేతికి పప్పు గరిటె ఇచ్చి, "ఇయ్యాల ఈ బంతి నీది. లేవలేని ముసిలోళ్లకి ముందు పెట్టు" అంది.

పెట్టెలు మళ్లీ ఆటో ఎక్కాయి. ఇద్దరు ముగ్గురు అలిగి, భోజనం చెయ్యకుండానే నెల్లిమర్ల దారి పట్టారు. ఒకాయన చదివింపు రాయించకుండా వెళ్లిపోయాడు. అవ్వ చేసింది అతి అని ఆ చుట్టరికాల్లో చాలాకాలం అనుకున్నారు. తర్వాతి ఏడాది మేనమామ తన కూతురి ఫంక్షను చేశాడు. పిలుపులప్పుడే మందు ఉండదని చెప్పేశాడు. ఆ డబ్బు పెట్టి తప్పెటగుళ్ల దళాన్ని రప్పించాడు. గుండెల మీద తప్పెటలు మోగిస్తూ, గజ్జెల కాళ్లతో గుండ్రంగా తిరుగుతూ వాళ్లు ఆడుతుంటే మగవాళ్లు కూడా చివరిదాకా పందిట్లోనే ఉన్నారు.

నీతి: పిల్లల ముందు పెట్టలేనిదాన్ని పిల్లల పేరు మీద పెట్టకూడదు. నువ్వు పెద్దవాడివయ్యావని కుర్రాడికి మొట్టమొదట చెప్పేది మందు గ్లాసు కాకూడదు.

కథ కల్పితం. శాల వెనకటి జాగా మాత్రం కల్పితం కాదు. మన విజయనగరం, శ్రీకాకుళం వైపు ఓణీల ఫంక్షనులకీ పంచెల ఫంక్షనులకీ తిరిగినవాళ్లకి ఆ చోటు బాగా తెలుసు. ఒక ఊళ్లో అది కల్లంలో ఉంటుంది, ఒక ఊళ్లో మేడ మీద, కల్యాణమండపమైతే కారు డిక్కీ దగ్గర. ఐసు తెచ్చేది, సోడా విప్పేది, ఖాళీ సీసాలు ఏరేది ఇంటి కుర్రాళ్లే. వాళ్లని తాగమని ఎవరూ బలవంతపెట్టకపోవచ్చు. కానీ పోసే పని అప్పజెప్పడంలోనే, మగవాళ్ల లోకంలోకి దారి ఇటు నుంచే అని చెప్పేస్తున్నాం.

ఈ సంగతి చట్టానికి తట్టింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లలోపు వారికి మత్తుపానీయం ఇస్తే ఏడేళ్ల వరకూ కఠిన కారాగారశిక్ష, లక్ష రూపాయల వరకూ జరిమానా. 78వ సెక్షన్ మరో అడుగు ముందుకెళ్లింది. పిల్లల చేత మద్యం అమ్మించినా, మోయించినా, సరఫరా చేయించినా అదే శిక్ష అంటుంది. పందిట్లోకి పోలీసులు రావాలని నా కోరిక కాదు. పోసే చేతికి కూడా హాని ఉందని చట్టం రాసినవాళ్లు గుర్తించారు, మనం కూడా గుర్తించాలి. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాడికి దుకాణంలో మద్యం అమ్మకూడదు. దుకాణదారు చెయ్యకూడని పని బాబాయి చెయ్యడమేమిటి?

"ఒక్క గుక్కే కదా" అనే మాట నాకు అన్నిటికంటే భయం కలిగిస్తుంది. అమెరికాలో 1992లో ఒక జాతీయ సర్వేలో మద్యం అలవాటున్న, లేదా ఒకప్పుడు ఉన్న 27,000 మందికి పైగా మనుషుల్ని ఎప్పుడు మొదలుపెట్టారని అడిగారు. పదిహేనేళ్లు రాకముందే మొదలుపెట్టినవాళ్లలో నూటికి 40 మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసలైనట్టు తేలింది. ఇరవై దాటాక మొదలుపెట్టినవాళ్లలో అది నూటికి 10 మంది దగ్గర ఆగింది. మొదలుపెట్టిన వయసొక్కటే కారణమని ఈ లెక్క తేల్చెయ్యదు. ఇంటి వాతావరణం, తండ్రి అలవాటు కూడా అందులో కలిసే ఉంటాయి. అయితే ఆ ఇంటి వాతావరణాన్ని ఫంక్షను పేరుతో పందిరి వేసి మరీ తయారుచేస్తున్నది మనమే కదా.

పీట మీద కూర్చున్న ఆడపిల్ల గురించి కూడా మాట్లాడాలి. సాయంత్రమయ్యేసరికి తూలుతూ వచ్చి, ఆశీర్వదిస్తానని భుజం మీద చెయ్యివేసి ఫొటో దిగే చుట్టాల్ని ఆమె భరించాలి. కాదనడానికి లేదు, ఆ రోజు పండుగ ఆమెదే మరి. ఎనిమిదో తరగతి పిల్లకి పెద్దరికం గురించి మనం నేర్పే మొదటి పాఠం ఇదా? అసలు ఫంక్షను చేయించుకోవాలని ఆ పిల్లకి ఉందో లేదో ముందు అడగండి. పెద్దమనిషి అయిందంటే పెళ్లికి వచ్చిందని కాదు, బడి మానాలనీ కాదు.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. మెక్సికోలోనూ, అమెరికాలో స్థిరపడ్డ లాటినో కుటుంబాల్లోనూ ఆడపిల్లకి పదిహేనేళ్లు వస్తే క్విన్సెఆన్యెరా అనే వేడుక చేస్తారు. ముందు చర్చిలో ప్రార్థన. తర్వాత విందులో తండ్రి కూతురి మామూలు చెప్పులు విప్పి, ఎత్తుమడమల చెప్పులు తొడిగి, ఆమెతో నాట్యం చేస్తాడు. గౌను ఒకరు, కేకు ఒకరు, సంగీతం ఒకరు అన్నట్టు పద్రీనోలనే ఆత్మబంధువులు ఖర్చు పంచుకుంటారు. మన మేనమామ సారె లాంటిదే అది. అక్కడా పిల్ల పేరు చెప్పి అందరూ గ్లాసులు ఎత్తే ఘట్టం ఒకటి ఉంటుంది. దాన్ని ద్రాక్షరసంతోనో ఆపిల్ రసంతోనో జరిపే కుటుంబాలున్నాయి. గ్లాసులో ఏముందన్నదాన్ని బట్టి తండ్రి తొడిగిన చెప్పులకి విలువ తగ్గదు.

మన దగ్గర పరువు మాట వస్తుంది. మందు లేకపోతే చుట్టాలు రారు, నలుగురూ నవ్వుతారు అంటారు. ఇదే విజయనగరంలో ఒకప్పుడు పెళ్లికి భోగం మేళం పెట్టకపోతే పరువు తక్కువ. 'కన్యాశుల్కం' 1892లో మొదట ఆడింది ఇక్కడే, ఆ మేళాల గొడవ ఆ నాటకంలోనే ఉంది. మేళాలు పోయాయి. పెళ్లిళ్లు మాత్రం ఆగలేదు, పరువూ పోలేదు.

కల్లు మన ఆచారం కాదా అని ఇంకొందరు అడుగుతారు. సీతంపేట, పార్వతీపురం కొండల్లో గిరిజనుల పండుగల్లో జీలుగు కల్లుకి చోటుంది. దాని మంచిచెడులు వాళ్లు తేల్చుకోవలసినవి, బయటి నుంచి నేను చెప్పేవి కావు. నేను మాట్లాడుతున్నది దుకాణం నుంచి అట్టపెట్టెల్లో వచ్చే సీసాల గురించి, వాటి పక్కన నిలబెట్టిన పదిహేనేళ్ల కుర్రాడి గురించి.

ఇక రామతీర్థం సంగతి. ఇక్కడ గురుభక్తులకొండ మీద బౌద్ధ ఆరామాల శిథిలాలున్నాయి. బౌద్ధుల పంచశీలాల్లో ఐదోది మత్తు ముట్టకపోవడం. కింద రామస్వామి కోవెలలో శ్రీరామనవమికి సీతారాముల కల్యాణం జరుగుతుంది, శివరాత్రికి జాతర సాగుతుంది. కల్యాణానికి వచ్చినవాళ్లలో మందు పొయ్యలేదని అలిగి వెళ్లినవాణ్ని నేను చూడలేదు. పానకంతో జరిగే వేడుక ఏటా మన కళ్ల ముందే ఉంది.

నిషేధం వస్తే అన్నీ చక్కబడతాయని కూర్చోవద్దు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించేశారు. ప్రభుత్వం తెచ్చినదాన్ని ప్రభుత్వమే తీసెయ్యగలదు. మన పందిట్లో ఏముండాలో మాత్రం ఏ జీవో చెప్పక్కర్లేదు.

మేనమామలూ, ముందు మిమ్మల్నే అడుగుతున్నాను. సారె మీది కాబట్టి మాట కూడా మీదే చెల్లుతుంది. ఈ మాఘమాసంలో మీ అక్క ఇంట్లోనో చెల్లి ఇంట్లోనో ఫంక్షను ఉంటే, పిలుపులకి వెళ్లినప్పుడే మందు ఉండదని చుట్టాలందరికీ చెప్పేయండి. మేనకోడలికి ఓణీ కొనేటప్పుడు మేనల్లుడికి ఒక పంచెల చాపు కూడా కొనండి.