స్లైడర్ మీది అంకె ఎవరిది?

వెబ్ పేజీలో కనిపించే స్లైడర్ ఒక గీత, ఆ గీత మీద జరిగే చిన్న గుండు. గీతను ట్రాక్ అనీ, గుండును థంబ్ అనీ అంటారు. థంబ్ ఎక్కడ ఆగితే ఆ చోటే ఒక విలువ అవుతుంది. హెచ్‌టీఎంఎల్ ప్రమాణం దీనికి రేంజ్ అని పేరు పెట్టి, కచ్చితమైన విలువ అంత ముఖ్యం కాని సందర్భాలకు ఉద్దేశించినదని ముందే చెప్పింది. అందుకే బ్రౌజర్ గీతనూ గుండునూ గీసి ఊరుకుంటుంది, అంకె చూపదు. పేజీ తయారుచేసేవాళ్లకు అది చాలదు. థంబ్ నెత్తిన ఒక లేబుల్ పెట్టి, థంబ్ ఎటు పోతే అటు అదీ కదిలేలా చేస్తారు. కచ్చితత్వం అక్కర్లేదన్న పనిముట్టు మీదికి కచ్చితమైన అంకె ఎక్కి కూర్చుంటుంది. ఆ అంకె థంబ్ ఉన్న చోటుదా, లాగుతున్న మనిషి మనసుదా?

సంఖ్య వస్తువులో ఉంటుందా, చూసేవాడి బుద్ధిలో ఉంటుందా అన్న విచారణ మన తర్కశాస్త్రంలో చాలా పాతది. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో 24 గుణాలు చెబుతూ సంఖ్యనూ పరిమాణాన్నీ విడివిడిగా లెక్కపెట్టాడు. ఒకటి, రెండు అనే వ్యవహారానికి కారణమైనది సంఖ్య. కొలతకు సంబంధించిన వ్యవహారానికి కారణమైనది పరిమాణం. స్లైడర్‌లో ఈ రెండూ కళ్లముందే వేరుపడి కనిపిస్తాయి. థంబ్ ఎంత దూరం జరిగిందన్నది పరిమాణం, లేబుల్ మీద పడేది సంఖ్య.

న్యాయ వైశేషిక తార్కికుల అసలు సూక్ష్మం ‘రెండు’ దగ్గర ఉంది. ఒకటి అనే సంఖ్య ప్రతి వస్తువులోనూ ఉంటుంది. రెండు మొదలుకొని పై సంఖ్యలు మాత్రం ‘ఇది ఒకటి, ఇది ఒకటి’ అని కలిపి చూసే అపేక్షాబుద్ధి వల్ల పుడతాయి, ఆ బుద్ధి పోతే అవీ పోతాయి. సంఖ్య ఉండేది వస్తువుల్లోనే, కానీ చూసేవాడు లేకుండా అది పుట్టదు. స్లైడర్ లేబుల్‌కు ఇంతకంటే సరిపోయే వర్ణన దొరకడం కష్టం. మనిషి ‘ఇంకొంచెం’ అనుకుంటూ లాగుతాడు. 0 నుంచి 100 దాకా అని ముందే గీత గీసిపెట్టిన ఇంకెవరిదో బుద్ధి ఆ ‘ఇంకొంచెం’ను 63 చేస్తుంది. చెయ్యి ఒకరిది, అపేక్షాబుద్ధి మరొకరిది.

వస్తువూ దాని అంకే ఒకే చోట ఉండవన్నది లేబుల్‌ను అమర్చే పనిలోనే బయటపడుతుంది. ట్రాక్ వెడల్పు 300 పిక్సెళ్లు, థంబ్ వెడల్పు 20 అనుకుంటే, థంబ్ గీత దాటి బయటికి పోదు కనుక దాని మధ్యబిందువు 10 దగ్గర మొదలై 290 దగ్గర ఆగుతుంది. విలువ శాతాన్ని నేరుగా 300తో హెచ్చవేసి లేబుల్ పెడితే, విలువ 0 దగ్గర లేబుల్ పది పిక్సెళ్లు ఎడమకు, 100 దగ్గర పది పిక్సెళ్లు కుడికి తప్పుకుంటుంది. 25 దగ్గర తేడా అయిదు. సరిగ్గా 50 దగ్గర మాత్రమే రెండూ కలుస్తాయి. థంబ్ వెడల్పు తీసేసి, మిగిలిన 280లో శాతం లెక్కగట్టి, దానికి 10 కలిపితేనే అంకె వస్తువు నెత్తిన నిలుస్తుంది. ఒక్కో బ్రౌజర్ థంబ్‌ను ఒక్కో కొలతతో గీస్తుంది కాబట్టి, ముందు దాని సొంత రూపాన్ని, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌తో తీసేసి వెడల్పును తామే నిర్ణయించుకోవాలి. ఇది చిన్న సవరణే, కానీ తప్పనిసరి. కంటికి దొరికే అబద్ధాన్ని దిద్దనివాడు కంటికి దొరకనిదాన్ని ఎలా దిద్దుతాడు?

కంటికి దొరకనిది బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు చెప్పిన చోట ఉంది. వేంగి దాపున ఒక కొండ మీద ఆయన హేతువిద్యా గ్రంథం, అంటే తర్క గ్రంథం, రచించాడని 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యుయన్‌త్సాంగ్ రాసిపెట్టాడు. దిఙ్నాగుడి దృష్టిలో ప్రత్యక్షం అంటే పేరు, జాతి వంటి కల్పన ఇంకా అంటని జ్ఞానం. పేరు తగిలించడం తర్వాతి పని. ఆసుపత్రుల్లో నొప్పిని కొలిచే పది సెంటీమీటర్ల గీత ఈ క్రమాన్నే పాటిస్తుంది. ఒక కొసన ‘నొప్పి లేదు’ అనీ, మరో కొసన ‘ఊహించగలిగినంత నొప్పి’ అనీ రాసి ఉంటుంది. మధ్యలో అంకెలుండవు. రోగి గుర్తు పెట్టాక కొలిచేవారు స్కేలు ఆనించి మిల్లీమీటర్లు చూస్తారు. ముందు అనుభవం, తర్వాత సంఖ్య. కదిలే లేబుల్ ఈ వరస తిరగేస్తుంది. అంకె కళ్లముందు ఆడుతుంటే నొప్పిని మరిచి చెయ్యి 70, 75 లాంటి గుండ్రటి సంఖ్యల వెంట పడుతుంది.

ఇంతకంటే పెద్ద చిక్కు అభావంతో, అంటే లేమితో, ఉంది. అన్నంభట్టు ఏడు పదార్థాల్లో అభావాన్నీ ఒకటిగా చెప్పి, దాన్ని నాలుగు విధాలుగా విభజించాడు. అందులో మొదటిది ప్రాగభావం, అంటే వస్తువు పుట్టకముందు ఉండే లేమి. మనిషి ఇంకా జవాబు చెప్పని స్థితి అదే. స్లైడర్‌కు ఆ స్థితి చూపించే దారి లేదు. దాని విలువ ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ఏమీ ఇవ్వకపోతే బ్రౌజర్ మధ్య విలువను, అంటే 50ని, తనే తీసుకుంటుంది. ముందుగా కంటబడిన అంకె తీర్పును తనవైపు లాగుతుందని మనస్తత్వవేత్తలు ట్వెర్‌స్కీ, కానెమన్ 1974లో చూపించారు. వారి ప్రయోగంలో చక్రం తిప్పినప్పుడు 10 వచ్చినవారు ఐక్యరాజ్య సమితిలో ఆఫ్రికా దేశాల వాటా 25 శాతమని అంచనా వేస్తే, 65 వచ్చినవారు 45 శాతమన్నారు.

అంకె అసలే వద్దనడానికీ లేదు. పది లక్షల రూపాయల దాకా అప్పు అడిగే స్లైడర్‌లో 280 పిక్సెళ్ల దూరం ఉంటే, ఒక్క పిక్సెల్ జరిపినా దాదాపు 3,571 రూపాయలు మారతాయి. అక్కడ అంకె కనిపించాల్సిందే. పక్కన టైపు చేసే పెట్టె కూడా ఉండాలి. చూపు లేనివారికైతే స్క్రీన్ రీడర్ చదివి వినిపించే విలువే స్లైడర్. వారికి గీతా లేదు, గుండూ లేదు. ఆ విలువకు అంకె బదులు ‘తక్కువ’, ‘మధ్యస్థం’, ‘ఎక్కువ’ అనే మాటలు ఇచ్చే వీలు వెబ్ ప్రమాణాల్లోనే ఉంది.

కాబట్టి డబ్బు, బరువు, దూరం అడిగే చోట అంకె థంబ్‌తోపాటు కదలవచ్చు. నొప్పి, ఇష్టం, నమ్మకం అడిగే చోట కొసలకు మాటలు పెట్టి, చెయ్యి తీశాకే అంకె చూపాలి. ఎవరూ ముట్టని స్లైడర్‌లో ఉన్న 50 ఏ మనిషీ ఇచ్చిన జవాబు కాదు, దాన్ని లెక్కలో చేర్చకూడదు.