పోగు తెగితే మగ్గం ఆపాలి



మన ప్రాంతంలో నర్సింగ్ చదివే బిడ్డలు పెరుగుతున్నారు. 2021లో సిరిసిల్లలో ప్రభుత్వ నర్సింగ్ కళాశాల భవనం ప్రారంభమైంది. 2022లో జగిత్యాలలో, 2023లో సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. బీడీలు చుట్టిన తల్లి, గల్ఫ్‌లో చెమటోడ్చిన తండ్రి చదివించిన కూతురు నర్సు అవుతుంది. కొన్నేళ్ళకు వార్డులో విద్యార్థినులకు పని నేర్పే క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్ కూడా అవుతుంది. ఇంటిల్లిపాదికీ ఎంత సంతోషం!

కోరుట్ల వైపు అమ్మాయి ఒకామె ఈ మధ్యనే ఆ ఉద్యోగంలో చేరింది. ఒక ఆదివారం దివ్యపూజ అనంతరం ఆమె నాతో చెప్పుకున్న బాధను, ఆమె అనుమతితోనే వ్రాస్తున్నాను.

చేరిన కొత్తలో, పిల్లలు తనను లెక్కచేయరేమోనని ఆమెకు భయం. అందుకే కఠినంగా ఉండాలనుకుంది. ఒక ఉదయం దుప్పటి సరిగా పరచలేదని ఒక విద్యార్థినిని రోగుల ముందే గట్టిగా మందలించింది. ఆ వార్డులో ఒకే పేరుగల ఇద్దరు స్త్రీలున్నారు. కొద్దిసేపటికి ఆ విద్యార్థిని ఒకరి బీపీ మాత్ర మరొకరికి ఇచ్చింది. ఆ సమయాన పక్కన నిలబడవలసిన ఇన్‌స్ట్రక్టర్ వార్డు ఆ చివర ఉంది.

పొరపాటు ఆ పిల్లకు వెంటనే తెలిసింది. కాని నోరు విప్పలేదు. మధ్యాహ్నానికి ఆ పెద్దమ్మకు కళ్ళు తిరిగాయి. కారణమేమిటో డాక్టరుకు అంతుపట్టలేదు. అప్పుడు ఆ పిల్ల ఏడుస్తూ చెప్పింది. దేవుని దయవల్ల పెద్దమ్మ కోలుకుంది.

"ఉదయమే ఎందుకు చెప్పలేదమ్మా?" అని ఇన్‌స్ట్రక్టర్ అడిగింది.

"మీరు తిడతారని భయపడ్డాను మేడమ్."

"ఫాదర్, ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నా కోపం ఆ పెద్దమ్మ ప్రాణం మీదికి వచ్చింది" అన్నదామె. డాక్టరు దగ్గరకు వెళ్ళి తన తప్పు కూడా తానే ఒప్పుకుందట.

ప్రియులారా, పునీత పేతురును తలచుకోండి. బొగ్గుల మంట దగ్గర ఆయన ప్రభువును ఎరుగనని మూడుసార్లు బొంకాడు. యోహాను సువార్త 21వ అధ్యాయంలో ప్రభువు ఆయనను మరల బొగ్గుల మంట దగ్గరే కలుసుకుంటాడు. ముందు అన్నం పెట్టాడు. తరువాత ప్రేమను గురించి మూడుసార్లు అడిగాడు. తప్పును కప్పిపుచ్చలేదు, పదిమందిలో అవమానించనూ లేదు. తన మందను ఆ చేతికే అప్పగించాడు.

సిరిసిల్ల సాంచాల మీద పనిచేసేవారికి ఈ సంగతి తెలుసు. పోగు తెగితే మగ్గం ఆపి ముడి వేయాలి. చూడనట్టు నడిపిస్తే బట్ట పొడవునా లోపం సాగుతుంది. వార్డులో ఆ బట్ట ఒక మనిషి శరీరం.

1920లో ఆస్ట్రేలియా నుండి గుంటూరు వచ్చి, జె.ఎం.జె. సభలో మఠకన్య అయిన డాక్టరు మేరీ గ్లౌరీ, వైద్యం చేయడంతో సరిపెట్టుకోలేదు. మందులు కలపడం, కాన్పులు చేయడం, రోగులను చూసుకోవడం స్థానిక స్త్రీలకు నేర్పారు. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. నేర్పేవారి చేయి ఆ విధంగా వందల చేతులవుతుంది. ఆ చేతిలోని ఓర్పు వందల మందికి చేరుతుంది, విసుగు కూడా అలాగే చేరుతుంది.

కొత్తగా నేర్పబోయే అమ్మాయీ, రోగి, మందు, మోతాదు, ఇచ్చే విధానం, సమయం, ఈ ఐదూ సరిచూడటం గట్టిగా నేర్పు. అందులో మెత్తదనం వద్దు. కాని తప్పు జరిగిన క్షణాన నీ దగ్గరకు పరుగెత్తుకొచ్చే ధైర్యం కూడా వారికివ్వు. తల్లిదండ్రులారా, ఈ పాఠం మొదలయ్యేది మన ఇంట్లోనే. గిన్నె పగులగొట్టిన బిడ్డ నిజం చెప్పినప్పుడు మీ ముఖం ఎలా ఉంటుంది?

పేతురుకు మరల మందను అప్పగించిన ప్రభువు, నేర్పేవారికి ఓర్పును, నేర్చుకునేవారికి నిజాయితీని అనుగ్రహించునుగాక. ఆమెన్.